‘ఉపయోగాలు’ అని రాసి వదిలేసిన చోట

పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకం ఇంట్లో ఉంటే ఒకసారి తీయండి. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి, అంటే ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు వేసిన పుస్తకం. ‘ఆమ్లాలు, క్షారాలు, లవణాలు’ అన్న పాఠం చివరికి రండి. బ్లీచింగ్ పౌడరు, వంటసోడా, బట్టలసోడా, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అక్కడ వరుసగా నిలబడి ఉంటాయి. ప్రతిదానికీ తయారయ్యే తీరు చెప్పి, కింద ఉపయోగాలు ఇచ్చారు. బ్లీచింగ్ పౌడరుకు మూడు, బట్టలసోడాకు నాలుగు, అలా. మీరు వాటిని బట్టీ పట్టే ఉంటారు. రెండు మార్కుల ప్రశ్న వచ్చినప్పుడు గడగడా రాసే ఉంటారు.

ఆ జాబితా చదివాక ఇంట్లో ఏ ఒక్క పదార్థాన్నయినా అంతకు ముందుకన్నా బాగా వాడగలిగారా? నేను అడిగిన విద్యార్థుల్లో ఒక్కరూ ఔననలేదు. జాబితాలో ఉన్నవి అబద్ధాలు కావు, చాలావరకు. కాని ‘నీటిలోని క్రిములను చంపడానికి’ అని ఒక ముక్క రాసి ఊరుకుంటే అది ఉపయోగం చెప్పినట్లు కాదు. ఎంత వేయాలి, దేనితో కలపాలి, ఎంతసేపు ఆగాలి, దేని దగ్గరికి రానివ్వకూడదు అన్నవి కూడా తెలిస్తేనే అది ఉపయోగం. ఇవి లేకపోతే ఏమి జరుగుతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా పుస్తకానికి ఇవ్వవలసిన మర్యాద ఇస్తాను. మా తరం చదివిన రసాయనశాస్త్రం కన్నా ఈ పాఠం ఎన్నో రెట్లు మేలు. మాకు ‘తయారుచేయు విధానము, భౌతిక ధర్మములు, రసాయనిక ధర్మములు, ఉపయోగములు’ అన్న నాలుగు మెట్లే ఉండేవి. కొలిమి బొమ్మ వేసి బాణాలు గీస్తే పాసయ్యేవాళ్ళం. ఈ పుస్తకం పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడడంతో మొదలుపెడుతుంది. నోటిలో పీహెచ్ 5.5 కన్నా తగ్గితే పళ్ళు పుచ్చడం మొదలవుతుందని చెబుతుంది. రైతు పొలం మట్టి గురించి అడుగుతుంది. ఇంత చక్కగా నడిచిన పాఠం లవణాల దగ్గరికి వచ్చేసరికి తన మాట తానే మరచిపోయి పాత జాబితా చేతికిస్తుంది. నా ఫిర్యాదు అక్కడే.

పేర్లతో మొదలుపెడదాం. కిరాణా కొట్టుకు వెళ్ళి ‘సోడా ఇవ్వండి’ అంటే కొట్టువాడు ‘తినేదా, బట్టలదా?’ అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నలో ఉన్న రసాయనశాస్త్రం పుస్తకంలోని వ్యవహారిక నామాల్లో లేదు. తినేసోడా సోడియం బైకార్బొనేట్, బట్టలసోడా సోడియం కార్బొనేట్, సబ్బు కాచేవాళ్ళు కొనేది కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్. మూడూ తెల్లనివే. నీటిలో కరిగిస్తే మొదటిదాని పీహెచ్ 8 దాటి కొంచెం, రెండవదానిది 11 దరిదాపు, మూడవది 13 పైమాటే. పీహెచ్ ఒక అంకె పెరిగితే హైడ్రోజన్ అయాన్ల గాఢత పదోవంతుకు పడిపోతుందని మీరు ఇదే పాఠంలో చదివారు. కనుక ఆ మూడు తెల్లపొడుల మధ్య ఉన్న తేడా వేల రెట్లలో ఉంది. మొదటిది నాలుక మీద వేసుకోవచ్చు, మూడవది వేలికి తగిలితే చర్మం జారుతుంది. మన భాషలో మూడింటికీ ‘సోడా’ అన్న పేరు ఉండడం వల్ల వచ్చే ప్రమాదాన్ని తెలుగులో పాఠం చెప్పేవారైనా ప్రత్యేకంగా చెప్పాలి. (గోలీసోడా సంగతి వేరు. అందులో ఉన్నది నీళ్ళు, కార్బన్ డై ఆక్సైడ్, గోలీ.)

ఇక వంటసోడా. కరకరలాడే పకోడీలకు, బేకింగ్ పౌడరుకు, కడుపు మంటకు, మంటలార్పే పరికరానికి అని పుస్తకం చెబుతుంది. మొదటి రెండూ చూద్దాం. వంటసోడాను ఊరికే వేడిచేస్తే అది బట్టలసోడాగా, నీరుగా, కార్బన్ డై ఆక్సైడుగా విడిపోతుంది. ఈ సమీకరణం పుస్తకంలో ఉంది. దాన్ని మరొక్కసారి చూడండి. రెండు అణువుల వంటసోడా నుంచి ఒకే ఒక్క అణువు వాయువు బయటికి వస్తోంది. మిగిలిన కార్బన్ బట్టలసోడాలో ఉండిపోయింది. అంటే సగం వాయువు పోగొట్టుకున్నాం, పైగా పకోడీలో బట్టలసోడా మిగుల్చుకున్నాం. ఆ చేదు, ఆ సబ్బు రుచి, పసుపు వేసిన పిండిలో కనబడే ఎర్రమచ్చలు, అన్నీ దానివే. అదే ఆమ్లం కలిస్తే ప్రతి అణువు నుంచీ వాయువు వస్తుంది, బట్టలసోడా మిగలదు. బేకింగ్ పౌడరులో టార్టారిక్ ఆమ్లం కలపడం అందుకే. పులిసిన దోసెల పిండిలో చిటికెడు సోడా వేస్తే చక్కగా పనిచేసి, అప్పుడే కలిపిన పిండిలో ఎక్కువైతే రుచి చెడడం కూడా అందుకే. పులుపంటే లాక్టిక్ ఆమ్లం. మీ అమ్మగారు పిండి వాసన చూసి సోడా ఎంత వేయాలో తేల్చుకుంటారే, అది తటస్థీకరణ చర్యను ముక్కుతో కొలవడం. పుస్తకం ఒక్క వాక్యం ఎక్కువ రాసి ఉంటే వంటింటికీ ఆ సమీకరణానికీ చుట్టరికం కలిసేది.

పప్పు త్వరగా ఉడకాలని సోడా వేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. క్షారంలో గింజ గోడలోని పెక్టిన్ త్వరగా విడిపోతుంది కనుక ఉడుకుతుంది, నిజమే. కాని అదే క్షారం థయమిన్‌ను, అంటే బి1 విటమిన్‌ను, పాడుచేస్తుంది. పప్పు తినేదే అలాంటి వాటి కోసం. గంటసేపు నానబెడితే సోడాతో పని తగ్గుతుంది.

కడుపు మంట సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చెప్పవలసింది. వంటసోడా జీర్ణాశయంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని తటస్థం చేసే మాట నిజం. లెక్క కట్టండి. సోడియం బైకార్బొనేట్ అణుభారం 84, అందులో సోడియం 23. అంటే 5 గ్రాముల చెంచాడు సోడాలో దాదాపు 1.4 గ్రాముల సోడియం ఉంది. రోజు మొత్తంలో అన్ని రకాల తిండీ కలిపి సోడియం 2 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతోంది. రక్తపోటు ఉన్న తాతగారు రోజూ రాత్రి చెంచాడు సోడా నీళ్ళు తాగుతుంటే ఆయన ఉప్పు మానేసి ఏమి లాభం? ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. చేయించకపోవడమే తప్పు.

మంటలార్పే పరికరం మాట మరీ పాతది. సోడా–ఆమ్ల పరికరంలో వంటసోడా ద్రావణం నిండిన డబ్బా లోపల గంధకికామ్లం సీసా ఉండేది. అది పగలగానే పుట్టే కార్బన్ డై ఆక్సైడ్ మంటను కప్పి ఆర్పుతుందని మనం రాసేవాళ్ళం. నిజానికి ఆ వాయువు ముఖ్యంగా చేసేపని డబ్బాలోని నీటిని జోరుగా బయటికి తోయడం. మంటను ఆర్పేది ఎక్కువగా ఆ నీరే. ఆ పరికరం చాలావరకు వాడుక నుంచి తప్పుకుంది. మీ పాఠశాల గోడకు ఎర్రసిలిండరు ఉంటే దగ్గరికెళ్ళి చీటీ చదవండి. పొడి రకాల్లో ‘ఏబీసీ’ అని ఉంటే అందులో ముఖ్యమైనది మోనో అమ్మోనియం ఫాస్ఫేట్. ‘బీసీ’ పొడి అయితే వంటసోడా ఉండవచ్చు. గోడ మీదున్న చీటీ చదవమని పుస్తకం అడగదు, గోడ మీద లేని పరికరం పేరు రాయమంటుంది.

వంటసోడాకు సంబంధించి పుస్తకం బయట పెరిగిన వింత ఒకటుంది. పత్రికల్లో ఇంటి చిట్కాల పేజీలు చూడండి. సింకు శుభ్రం కావాలంటే సోడా, వెనిగరు కలిపి పోయమంటారు. బుసబుసమని నురగ వస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఆ నురగ ఆగాక అక్కడ మిగిలిందేమిటి? సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్ళు. నీటి మరకల్లోని కాల్షియం కార్బొనేట్‌ను కరిగించగల ఆమ్లం పోయింది, జిడ్డును వదిలించగల క్షారమూ పోయింది. పనికొచ్చే రెండు వస్తువులను ఒకదానితో ఒకటి పోట్లాడించి, మిగిలిన నీళ్ళతో సింకు తోమడమన్నమాట. జిడ్డుకు సోడా విడిగా, తెల్ల మరకకు వెనిగరో నిమ్మరసమో విడిగా వాడితే రెండూ పనిచేస్తాయి. ఈ చిట్కా రాసేవారు కూడా ఒకప్పుడు తటస్థీకరణకు మార్కులు తెచ్చుకున్నవారే అయి ఉంటారు.

పాఠంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఒకటి చెప్పాలి. అభ్యాసంలో ఒక పాలవాడు తాజా పాలలో కొద్దిగా వంటసోడా కలుపుతాడు. ఎందుకు కలిపాడు, ఆ పాలు తోడుకోవడానికి ఎందుకు ఆలస్యమవుతుంది అని అడుగుతారు. ఎవరు, ఎంత, ఎందుకు, ఆ తరువాత ఏమి, అన్నీ ఆ చిన్న ప్రశ్నలో ఉన్నాయి. ఉపయోగాల జాబితా మొత్తాన్ని ఈ తీరులో రాసి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. అయితే అందులోనూ ఒక వెలితి ఉంది. పాలవాడు చేసిన పనిని కల్తీ అంటారని పుస్తకం చెప్పలేదు. పులిసిపోతున్న పాలను తాజాగా కనబడేలా చేయడానికి తటస్థకారులు కలపడం చట్టవిరుద్ధం. రోజాలిక్ ఆమ్లం ద్రావణం కలిపితే సోడా ఉన్న పాలు గులాబీ ఎరుపుకు తిరుగుతాయి. కళాశాల ప్రయోగశాలలో అధ్యాపకులను అడిగి మీరే చేసి చూడవచ్చు.

తేనెటీగ కుట్టినచోట సోడా రాయమన్న సలహా కూడా ఈ పాఠంలోనే ఉంది. కుట్టినప్పుడు ఆమ్లం చేరుతుంది కనుక క్షారం దాన్ని తటస్థం చేస్తుందట. మన పల్లెల్లో సున్నం రాయడానికి కూడా ఇదే కారణం చెబుతారు. వినడానికి ముచ్చటగా ఉంది కాని తేనెటీగ విషం ఎండబెట్టిన బరువులో దాదాపు సగం మెలిటిన్ అనే పెప్టైడు. దాని వెంట కణాల పొరలను విడగొట్టే ఎంజైములు ఉన్నాయి. నొప్పి, వాపు ముఖ్యంగా వాటివల్ల. అవి చర్మం లోపలికి దిగాయి, మీరు రాసిన సోడా చర్మం పైన ఉంది. చేయవలసిందేమిటంటే గుచ్చుకున్న ముల్లును ఆలస్యం చేయకుండా తీసివేయడం, చన్నీళ్ళో మంచుగడ్డో పెట్టడం, ఊపిరాడకపోవడం, ముఖం వాయడం కనబడితే వెంటనే వైద్యుని దగ్గరికి తీసుకుపోవడం. సోడా రాసుకుంటూ కూర్చుంటే ఈ చివరిదానికి ఆలస్యమవుతుంది. పక్కనే పుస్తకం చెప్పిన దురద ఆకు, దానిలోని ఫార్మిక్ ఆమ్లం మాట సరే. తెలుగు పిల్లవాడు మాత్రం దాన్ని చదివి దూలగొండిని తలచుకుంటాడు. దూలగొండి నూగు పెట్టే దురదకు ఆమ్లం కాదు, మ్యూకునైన్ అనే ఎంజైము ముఖ్య కారణం.

బట్టలసోడాకు ఎక్కువ చోటు అక్కరలేదు. అది నీటి కాఠిన్యాన్ని పోగొడుతుందని పుస్తకం సరిగానే చెప్పింది. బోరునీటిలోని కాల్షియం కార్బొనేటుగా మారి కిందికి దిగిపోతుంది, సబ్బుకు అడ్డు తొలగుతుంది. రెండు సీసాల్లో బోరునీళ్ళు పోసి, ఒకదానిలో చిటికెడు బట్టలసోడా కలిపి, రెండింట్లోనూ సమానంగా సబ్బునీళ్ళు చుక్కలు వేసి గిలకొట్టండి. ఇంతకన్నా చౌకైన ప్రయోగం లేదు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ దగ్గర పుస్తకం వదిలేసిన మాట చిన్నదే, దాని ఫలితం చిన్నది కాదు. నీరు కలిపితే అది మళ్ళీ జిప్సం అయి గట్టిపడుతుందని సమీకరణం రాశారు. ఆ చర్యలో వేడి పుడుతుందని రాయలేదు. ఎముకకు కట్టే పలుచని కట్టులో ఆ వేడి గోరువెచ్చగా తెలుస్తుంది. బకెట్టెడు ముద్దలో అయితే పోవడానికి దారి ఉండదు. 2007లో ఇంగ్లండులో ఒక పాఠశాల చిత్రకళ తరగతిలో పదహారేళ్ళ అమ్మాయి చేతుల అచ్చు తీయడానికి రెండు చేతులూ ఆ ముద్దలో పెట్టింది. అది గట్టిపడి పట్టేసింది, లోపల కాలిపోయింది, ఆమె చాలా వేళ్ళు పోగొట్టుకుంది. సమీకరణం పక్కన ‘వేడి’ అన్న ఒక్క మాట చేర్చడానికి పుస్తకంలో ఎంత చోటు పడుతుంది?

ఇక అసలు సంగతి, బ్లీచింగ్ పౌడరు.

మన ఊళ్ళలో దీన్ని ఎక్కువగా చూసేది ఎక్కడ? పెద్దవారెవరైనా వస్తున్నారంటే వీధికి రెండు వైపులా ముగ్గు వేసినట్లు తెల్లటి గీతలు పడతాయి. వానాకాలం అతిసారం వచ్చిందంటే మురుగు కాలువల వెంట చల్లుతారు. ఘాటు వాసన రాగానే ఊరు శుభ్రపడిందని అందరికీ ధైర్యం. పొడిగా దుమ్ములో పడ్డ బ్లీచింగ్ ఆ మట్టిలోని, కాలువలోని సేంద్రియ పదార్థంతో చర్య జరిపి తన క్లోరిన్ అక్కడికక్కడే ఖర్చు చేసుకుంటుంది. జనం తాగే బావి నీరు అంతకు ముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది.

బావికి ఎంత కావాలో లెక్క చూద్దాం. మంచి బ్లీచింగ్ పౌడరులో లభ్య క్లోరిన్ సుమారు 33 శాతం. వెయ్యి లీటర్ల తేట నీటికి అలాంటి పొడి రమారమి 2.5 గ్రాములు చాలునని ప్రజారోగ్య పాఠ్యగ్రంథాలు చెబుతాయి. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల లోతు నీళ్ళున్న బావిని తీసుకోండి. నీటి ఘనపరిమాణం 9,400 లీటర్లు. కావలసిన పొడి 24 గ్రాములు. అంతే! వీధి గీతకు పోసిన దానిలో ఎన్నో వంతు? ఆ పొడిని బకెట్టులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, మరింత నీరు పోసి, కాసేపు ఆగితే సున్నం అడుగుకు దిగుతుంది. పైతేటను మాత్రమే బావిలో దించి బాగా కలియబెట్టాలి. గంట ఆగాక లీటరు నీటిలో 0.5 మిల్లీగ్రాము క్లోరిన్ ఇంకా మిగిలి ఉంటే పని జరిగినట్లు. నీరు మురికిగా ఉంటే పొడి ఎక్కువ పడుతుంది, ఎంత ఎక్కువన్నది పరీక్ష చేసి తేల్చాలి. ఆ మిగిలిన క్లోరిన్ మాటే అన్నిటికన్నా ముఖ్యం. అది లేకపోతే క్రిములన్నీ చచ్చాయో, క్లోరిన్ ముందుగా అయిపోయిందో చెప్పలేం. ఇంకొకటి, మూతి విప్పి తేమలో, వెలుతురులో పెట్టిన బస్తా రోజురోజుకూ క్లోరిన్ పోగొట్టుకుంటుంది. నిరుడు విప్పిన బస్తాలో మిగిలేది ఎక్కువగా సున్నం. వాసన కొద్దిగా వస్తూనే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు.

ఇలాంటి వివరాలు విద్యార్థులకు భారమవుతాయని కొందరు అంటారు. అలా అనేవారికి నేను నల్లగొండను చూపిస్తాను. అక్కడి నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల తరాలకు తరాలు పళ్ళు గారపట్టి, ఎముకలు వంగిపోయి బాధపడ్డాయి. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన ఫ్లోరైడు తొలగించే పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు. అందులో వాడేవి మూడు, మన ఇళ్ళలో తెలిసినవే: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. పటిక నీటిలో అల్యూమినియం హైడ్రాక్సైడు తెట్టెలుగా మారి ఫ్లోరైడును పట్టుకుని కిందికి దిగుతుంది. ఆ చర్యలో నీరు ఆమ్లం వైపు జరగకుండా సున్నం కాస్తుంది. బ్లీచింగ్ క్రిముల పని చూస్తుంది. ఆ పద్ధతికి ప్రాణం ఈ మూడు పేర్లు కావు, దానితోపాటు ఇచ్చిన పట్టిక. నీటిలో ఫ్లోరైడు ఇంత, క్షారత ఇంత ఉంటే పటిక ఇన్ని మిల్లీగ్రాములు అని ఆ పట్టిక చెబుతుంది. పటిక తగ్గితే ఫ్లోరైడు మిగిలిపోతుంది. తూకం తప్పితే అల్యూమినియం నీళ్ళలోకి వస్తుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగేనీటిలో, వేరే గతి లేనప్పుడు కూడా, ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అల్యూమినియం 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. అడుగున దిగిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది మరో చిక్కు. పద్ధతికి లోపాలు ఉన్నాయి, చాలాచోట్ల మూలపడింది కూడా. అయినా ‘పటిక నీటిని శుద్ధి చేయును’ అన్న ఒక్క ముక్కకూ ఆ పట్టికకూ ఎంత దూరముందో చూడండి.

చివరగా, బ్లీచింగ్ పౌడరు దేనితో కలవకూడదు? కొన్నేళ్ళ కిందట ఒక కళాశాల వసతిగృహంలో జరిగినది చెబుతాను. ఊరూ పేరూ అక్కరలేదు. సెలవులు అయ్యాక స్నానాలగది బాగా పాచిపట్టి ఉంది. ఒక కుర్రవాడు నేల మీద బ్లీచింగ్ చల్లి, మరక పోలేదని పైన బాత్‌రూం యాసిడ్ పోశాడు. రెండూ శుభ్రం చేసేవే కదా, కలిస్తే రెట్టింపు పనిచేస్తాయనుకున్నాడు. పచ్చని పొగ లేచింది. దగ్గుతూ తలుపు తడుముకుంటూ బయటపడ్డాడు కనుక రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉండి తిరిగి వచ్చాడు. తరువాత నేను పలకరింపుగా బ్లీచింగ్ పౌడరు ఉపయోగాలు చెప్పమన్నాను. మూడూ తప్పు లేకుండా చెప్పాడు, పుస్తకంలోని వరుసలోనే.

పొడిసున్నం మీదికి క్లోరిన్ పంపితే బ్లీచింగ్ పౌడరు వస్తుందని ఆ పుస్తకం నేర్పింది. ఆమ్లం పోస్తే లోపలికి పోయిన క్లోరిన్ తిరిగి బయటికి వస్తుందని చెప్పలేదు. ‘లభ్య క్లోరిన్’ అన్నదాన్ని లెక్కించేదే ఆమ్లం చర్యతో ఎంత క్లోరిన్ వస్తుందన్న దాన్ని బట్టి. మీకు మోల్ లెక్కలు వచ్చు కనుక ఇది చేయండి. పొడి 15 గ్రాములు, అంటే ఒక గుప్పెడు కూడా కాదు. అందులో 33 శాతం, అంటే 5 గ్రాముల క్లోరిన్. అణుభారం 71. గది ఉష్ణోగ్రత దగ్గర అది సుమారు 1.7 లీటర్ల వాయువు. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న స్నానాలగదిలో గాలి దాదాపు 4,500 లీటర్లు. అంతా విడుదలై గదంతా సమంగా పరుచుకుందనుకున్నా పదిలక్షల భాగాల గాలిలో 370 భాగాలు క్లోరిన్. పదిలక్షలకు 10 భాగాలుంటేనే ప్రాణానికి తక్షణ ప్రమాదమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. పైగా క్లోరిన్ గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు. సమంగా పరుచుకోదు, కిందనే పేరుకుంటుంది. నేల తోమేవాడి ముఖం ఉండేది అక్కడే. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం కందకాల మీదికి వదిలినది ఈ వాయువునే, కందకంలోకి దిగుతుందనే.

మరుగుదొడ్డి శుభ్రం చేసే ద్రవాల్లో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. చీటీ మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఆమ్లదాడుల కేసులో ఆదేశించిన మీదట విడిగా యాసిడ్ అమ్మేవారు పుస్తకంలో కొన్నవారి వివరాలు రాయాలి, పద్ధెనిమిదేళ్ళు నిండనివారికి అమ్మకూడదు. అది వేరే ఘోరాన్ని ఆపడానికి వచ్చిన నిబంధన. ఇంట్లో గూటి మీద పక్కపక్కన పెట్టుకున్న రెండు డబ్బాల సంగతి ఏ కోర్టూ చూడలేదు, అది పాఠశాల చూడవలసింది.

క్రిములను చంపుతుంది అన్న మూడు మాటలే తెలిసినవాళ్ళు పెద్దయ్యాక ఏమి చేయగలరో 2020 మార్చి నెలాఖరున చూశాం. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో, కరోనా భయంతో సొంత ఊళ్ళకు తిరిగివస్తున్న కూలీలను, పిల్లాపాపలతో సహా రోడ్డు మీద కూర్చోబెట్టి గొట్టాలతో సోడియం హైపోక్లోరైట్ కలిపిన నీళ్ళు కొట్టారు. అదీ బ్లీచింగ్ జాతిదే, నేలకు, వస్తువులకు వాడేది. మనిషి మీద చల్లితే కళ్ళు, చర్మం, ఊపిరి గొట్టాలు దెబ్బతింటాయని, లోపలికి చేరిన వైరస్‌ను అది ఏమీ చేయదని కేంద్ర ఆరోగ్యశాఖ ఏప్రిల్‌లో ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. ఆ గొట్టం పట్టుకున్నవాళ్ళు, పట్టుకోమన్నవాళ్ళు చదువుకోనివాళ్ళని నేను అనుకోను.

ఆ పాఠంలో బ్లీచింగ్ పౌడరు గురించి రెండు చిన్న ప్రశ్నలు అడిగారు. ఒకటి, దాని వ్యవహారిక నామమేమిటి. రెండు, క్లోరిన్‌తో చర్య జరిపి బ్లీచింగ్ పౌడరును ఇచ్చే పదార్థమేది. ఈ రెండో ప్రశ్న పక్కన, మీ పుస్తకంలో, పెన్సిలుతో మూడోది రాసుకోండి: బ్లీచింగ్ పౌడరు మీద ఆమ్లం పడితే ఏ వాయువు వస్తుంది, ఆ గదిలో ఉన్నవారు ఏమి చేయాలి? జవాబు రెండో భాగం ఇది. దాని మీద ఇంకేమీ పోయకుండా, ఎంత పడిందో చూడడానికి వంగకుండా, వెంటనే బయటికి వచ్చేయాలి. తలుపు తెరిచి ఉంచి గాలి వచ్చే వైపు నిలబడాలి. కళ్ళు మండితే ధారగా నీళ్ళు పోసుకోవాలి. దగ్గు తగ్గినా ఆసుపత్రికి వెళ్ళాలి, క్లోరిన్ వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తరువాత కూడా జరగవచ్చు. ఇంటికి వెళ్ళాక ఆ రెండు డబ్బాల్లో ఒకటి వేరే గూటిలోకి మార్చండి.